అంటేగారి నిర్వచనం

మామగారికి ఒకే ఒక్క జబ్బుంది. బీపీ లేదు, షుగరు లేదు, నాలుగంతస్తుల మెట్లెక్కినా ఆయాసం లేదు. ఉన్న జబ్బల్లా "అంటే?" అని అడగడం. ఎదుటివాళ్ళు ఏ మాటన్నా సరే, దాన్ని గాల్లోనే పట్టుకుని, కళ్ళజోడు ముక్కు చివరికి జార్చి, "అంటే?" అంటారు. ఏ డాక్టరూ కుదర్చలేని, ఏ బీమా కిందా రాని ఈ జబ్బుకు తగ్గట్టే ఆయనకు ఉద్యోగం కూడా దొరికింది. ప్రభుత్వంలో చట్టాల ముసాయిదాలు రాసే అధికారి ఆయన. ఏ చట్టమైనా మొదటి పేజీలో ఫలానా మాటకు ఫలానా అర్థమని కొన్ని నిర్వచనాలు ఉంటాయి కదా, అవి రాయడం ఆయన పని. జబ్బు ముదరబెట్టుకోవడానికి నెలనెలా జీతమిచ్చే ఆఫీసు లోకంలో అదొక్కటే అయివుంటుంది.

ఆఫీసులో ఆయన్ని 'అంటేగారు' అంటారు. వీధిలోనూ, కిరాణా కొట్లోనూ అంతే. అసలు పేరు జీతం వచ్చేరోజున తప్ప ఎవరికీ అవసరం పడదు. సెలూనతను ఒకసారి దువ్వెన పట్టుకుని, "కొంచెం తగ్గించమంటారా?" అని అడిగి పాపం మూటగట్టుకున్నాడు. "కొంచెం అంటే?" అన్నారు ఈయన. ఆ చర్చ తెగేలోపు షాపు మూసే వేళయింది. మామగారు ఒకవైపు క్రాపుతో ఇంటికొచ్చారు. ఇంకోసారి ట్రాఫిక్ పోలీసు ఆపి, "బాగా స్పీడుగా పోతున్నారండీ," అన్నాడు. "స్పీడు అంటే?" "అంటే... వేగంగా." "వేగం అంటే? దేనికన్నా?" చివరికి ఆ పోలీసే దణ్ణం పెట్టి పంపించేశాడు. ఆ రోజు మామగారు తొక్కుతున్నది సైకిలు.

కోడలు ఈ ఇంటికి కొత్తగా వచ్చినప్పుడు ఈ సంగతి తెలియక, "మామయ్యగారూ, ఆకలేస్తోందా?" అని ప్రేమగా అడిగింది.

"ఆకలి అంటే? పెడితే తినాలనిపించడమా, పెట్టకపోతే కోపం రావడమా?"

కోడలు గరిట పట్టుకుని గుడ్లప్పగించి నిలబడిపోయింది. లోపల్నించి అత్తగారు కేకేసింది. "నువ్వు జవాబు చెప్పకమ్మా! కంచం పెట్టేసి వచ్చెయ్. నేను ఇన్నేళ్ళూ కాపురం చేసింది అలాగే."

కోడలికి కూడా ఒక ప్రశ్న ఉంది. కాకపోతే అది జబ్బు కాదు, ఉద్యోగం. ఊళ్ళో పెద్దాసుపత్రిలో బీమా కౌంటరు ఆమెది. అద్దానికున్న గుండ్రటి కంతలోంచి పొద్దున్నుంచి సాయంత్రం దాకా, "పేషెంటు మీకు ఏమవుతారు?" అని అడుగుతూ ఉండాలి. భార్య అంటే ఒక రుజువు, తండ్రి అంటే ఇంకో రుజువు. ఆ ప్రశ్న నాలుక మీద ఎంతగా పాతుకుపోయిందంటే, ఒకరోజు భర్త ఫోను చేసి, "అమ్మకి జలుబు చేసింది, వచ్చేటప్పుడు మందు పట్రా," అంటే, "పేషెంటు మీకు ఏమవుతారు?" అనేసింది. "అమ్మ అవుతుంది," అన్నాడతను అమాయకంగా.

ఆ ఇంట్లో ఏ ప్రశ్నా లేని మనిషి పిన్ని ఒక్కతే. డెబ్బై దాటిన మనిషి, గుప్పెడంత ఉంటుంది, నవ్విందంటే కింద పార్కింగులో కార్లు కడిగేవాళ్ళు తలెత్తి చూస్తారు. అత్తగారు ఆవిణ్ణి పిన్నీ అంటుంది, మామగారు పిన్నీ అంటారు, కొడుకూ పిన్నీ అనే అంటాడు. కోడలు మాత్రం మర్యాదకి పిన్నిగారూ అంటుంది. ఇంట్లో మేకు కొట్టాలన్నా, కుట్టుమిషను దారం తెగినా, అత్తగారికి మామగారి మీద కోపమొచ్చి మధ్యవర్తి కావలసివచ్చినా పిన్ని ఉండాల్సిందే.

అలాంటి పిన్ని ఒకరోజు మేకు కొడుతూ మధ్యలో సుత్తి కిందపెట్టి, "ఇదేమిటే, ఊపిరి సగందాకా వచ్చి ఆగిపోతోంది," అంది. పెద్దాసుపత్రిలో గుండె డాక్టరు చూసి, వాల్వు చెడిపోయింది, మార్చాలి, మందులతో కొన్నాళ్ళు లాగొచ్చు గానీ ఏడాది దాటనివ్వకండి అన్నాడు. ఖర్చెంతవుతుందో కూడా చెప్పాడు. అది వింటే పిన్ని వాల్వే కాదు, పక్కనున్న వాళ్ళ వాల్వులు కూడా ఆగేలా ఉన్నాయి. ఇల్లు అద్దె ఇల్లు. తాకట్టు పెట్టడానికి మామగారి నిర్వచనాలు తప్ప ఇంకేం లేవు.

సరిగ్గా అప్పుడే నెత్తిన పాలు పోసినట్టు ఒక వార్త వచ్చింది. వైద్యం ఖర్చు ఏటికేడు పెరిగిపోయి ఒకవైపు ఇళ్ళనీ, ఇంకోవైపు ఖజానానీ నమిలేస్తోంది కాబట్టి, దేశంలో ప్రతి కుటుంబాన్నీ ఒకే బీమా కిందికి తెస్తూ కొత్త చట్టం చేస్తారట. పెద్ద ఆపరేషన్లన్నీ అందులోనే. చట్టసభ సమావేశాలు ముగిసేలోపు బిల్లు పెట్టేయాలి, లేదంటే మళ్ళీ ఏడాది దాకా దాని మాటే ఉండదు. ముసాయిదా రాసే పని ఎవరికిచ్చారయ్యా అంటే, అంటేగారికి.

ఇంటిల్లిపాదీ ఎగిరి గంతేశారు. పిన్ని కూడా ఎగరబోయింది గానీ అత్తగారు గట్టిగా పట్టుకుని కూర్చోబెట్టింది.

ఆ గంతులు ఎన్నాళ్ళో లేవు. రోజూ సాయంత్రం మామగారు బూట్లు విప్పుతుండగానే కోడలు అడిగేది. "ఎంతవరకు వచ్చింది మామయ్యగారూ?"

"కుటుంబం దాకా వచ్చింది."

"నిన్నా అక్కడే ఉందిగా?"

"రేపూ అక్కడే ఉంటుంది. కుటుంబం అంటే ఏమిటో తేలలేదు."

కోడలు తల పట్టుకుంది. ఆసుపత్రికి వచ్చే నాలుగేళ్ళ పిల్లని అడిగినా చెబుతుంది కుటుంబం అంటే ఏమిటో. అమ్మా, నాన్నా, నేనూ, తమ్ముడూ. ఈయనకి తేలదట!

ఆయన్ని తొందరపెట్టడానికి ఆర్థికశాఖ నుంచి ఒక పెద్దమనిషి ఇంటికే రావడం మొదలుపెట్టాడు. సన్నగా, పొడుగ్గా, కోటు జేబులో క్యాలిక్యులేటరుతో ఉండే ఆయనకు ఇంట్లోవాళ్ళు 'ఖజానాగారు' అని పేరు పెట్టారు. నవ్వితే ఖజానాకి నష్టమన్నట్టుండే మొహం ఆయనది.

"మీరు కొత్తగా కనిపెట్టక్కర్లేదు మహాప్రభో! భార్య లేక భర్త, పిల్లలు, తల్లిదండ్రులు. రాసి సంతకం పెట్టండి. అయిపోతుంది," అన్నాడు ఖజానాగారు.

"అయిపోవడం అంటే?"

"అదిగో మళ్ళీ! మీరు రాసే ఒక్కొక్క మాటా ఎన్ని కోట్లో తెలుసా మీకు? మొన్న మీరు 'మొదలైనవారు' అని రాసి పంపారు. ఆ 'మొదలైనవారు' లెక్క కడితే దీంట్లో అంకెలు చాలక తెర మీద అడ్డగీత వచ్చింది. చూడండి, ఇప్పటికీ పోలేదు!"

మామగారు క్యాలిక్యులేటరు పుచ్చుకుని గీతని జాగ్రత్తగా చూశారు. "నిజమే. సరే, 'మొదలైనవారు' తీసేస్తాను. ఇంకోటి రాసి పరీక్షకి పెడతాను."

పరీక్ష అన్న మాట వినగానే అత్తగారు గబగబా వంటింట్లోకి వెళ్ళి పెద్ద గిన్నెలు దించడం మొదలుపెట్టింది. ఆవిడకి అనుభవం ఉంది. మామగారు ఏ నిర్వచనాన్నీ పరీక్షించకుండా ఇల్లు కదలనివ్వరు. వాహనాల చట్టం రాసినప్పుడు 'చక్రాలు కలిగి కదిలేది ఏదైనా' అని రాసి, ఆఫీసులో తను కూర్చునే చక్రాల కుర్చీని నడిరోడ్డు మీదికి తోసుకెళ్ళి, అందులోనే కూర్చుని, పోలీసు లైసెన్సు అడుగుతాడా లేదా అని చూసిన మనిషి. వెనక బస్సులు ఆగిపోయి హారన్లు మోగిస్తుంటే, "హారన్ అంటే?" అని కాగితం మీద రాసుకున్నారట.

ఈసారి రాసింది, 'ఒకే కప్పు కింద నివసించేవారు కుటుంబం.' వినడానికి బాగానే ఉంది. మామగారు లిఫ్టులో చీటీ అంటించారు. ఈ ఆదివారం ఈ నిర్వచనం కిందికి వచ్చేవారందరికీ మా ఇంట్లో మధ్యాహ్న భోజనం.

ఆ భవనానికి ఉన్నదే ఒక్క కప్పు. అయిదంతస్తులూ దాని కిందే ఉన్నాయి.

పన్నెండు కొట్టేసరికి మెట్ల మీద వరస మొదలైంది. పై అంతస్తు కవలపిల్లలు, వాళ్ళ సంగీతం టీచరు, లిఫ్టు బాగుచేయడానికి వచ్చి అందులోనే ఇరుక్కుపోయి అప్పుడే బయటపడ్డ మెకానిక్కు, అందరూ వచ్చారు. కింది అంతస్తులో పళ్ళ డాక్టరు ఒక్కడే రాలేదు, కుర్చీలో ఉన్న పేషెంటుని కూడా తీసుకొచ్చాడు. అతని నోట్లో దూది అలాగే ఉంది.

"ఈయన మీ ఇంట్లో ఉండరుగా?" అంది కోడలు, చారు గిన్నె అడుగు గీకుతూ.

"ఉం ఉం ఉం," అన్నాడు పేషెంటు.

"పన్ను ఊడేదాకా నా దగ్గరే ఉంటానంటున్నాడమ్మా," అన్నాడు డాక్టరు. "అది ఊడేలా లేదు."

పరిశీలకుడిగా పిలిచిన ఖజానాగారు గుమ్మం దగ్గర నిలబడి వచ్చినవాళ్ళని లెక్కపెడుతూ లెక్కపెడుతూ తెల్లబోయి, ఒక్కో తలకీ ఒక్కో ఆపరేషన్ ఖర్చు ఊహించుకుని, గోడకి చేరగిలబడ్డాడు. పిన్ని ఆయనకి మంచినీళ్ళిచ్చి విసనకర్రతో విసిరింది. గుండెజబ్బు మనిషి ఆరోగ్యవంతుడికి విసురుతుంటే కోడలికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

తరవాతి ఆదివారం ఇంకో నిర్వచనం. 'ఆ ఇంటి తాళంచెవి ఉన్నవారు కుటుంబం.' ఇది కొంచెం నయం. ఎదురింటావిడ వచ్చింది, కొళాయి మేస్త్రీ వచ్చాడు, అరువు తీసుకున్న చెవి ఏనాడూ తిరిగివ్వని అత్తగారి తమ్ముడు వచ్చి రెండుసార్లు తిన్నాడు. వీళ్ళతోపాటు ఎవరో నల్లకోటు ఆయన కూడా వచ్చి చక్కగా బల్ల దగ్గర కూర్చున్నాడు.

"ఎవరండీ తమరు?" అన్నాడు ఖజానాగారు.

"అదే నాకూ అర్థం కాలేదండీ. ఈ చెవి నా జేబులో ఎన్నాళ్ళుగానో ఉంది. ఏ తాళానిదో తెలిసేది కాదు. మీ చీటీ చూసి పెట్టి చూశాను, పట్టింది," అన్నాడతను, పెరుగు గిన్నె దగ్గరికి లాక్కుంటూ.

అప్పుడు పిన్ని పకపకా నవ్వింది. "అయితే నేను ఈ పూట పస్తేనర్రోయ్! నాకెప్పుడిచ్చారు తాళంచెవి? ఇంట్లోంచి కదిలితే కదా!"

అందరూ నవ్వారు. మామగారు నవ్వలేదు. జేబులోంచి కలం తీసి, ముసాయిదాలో ఆ వాక్యాన్ని ఈ చివర నుంచి ఆ చివరిదాకా కొట్టేశారు. ఇంకా భోజనాలు సగం కూడా కాలేదు. ఇంత తొందరగా ఆయన దేన్నీ తేల్చడం కోడలు చూడలేదు. ఎందుకో అప్పుడు అర్థం కాలేదు.

అర్థమైంది మాత్రం ఆ మంగళవారం, కౌంటరు దగ్గర. ఒక ముసలాయన తనకంటే ముసలివాడైన ఇంకొకాయన్ని చక్రాల కుర్చీలో తోసుకుంటూ వచ్చాడు. "పేషెంటు మీకు ఏమవుతారు?" అని అడిగింది కోడలు అలవాటుగా. ఆ ముసలాయన కాసేపు ఆలోచించి, "ఏమీ అవడమ్మా," అన్నాడు. ఆ మాట రాసుకోవడానికి ఫారంలో ఏ గడీ లేదు. ఆమె అదే చెప్పింది. ఆయన కుర్చీ వెనక్కి తిప్పుకుని, ఎవరితోనూ దెబ్బలాడకుండా వెళ్ళిపోయాడు. అప్పుడే కోడలికి ఇంకో సంగతి తట్టింది. పిన్నిగారు మనకి ఏమవుతారు?

ఇంటికి వస్తూనే భర్తని అడిగింది. "పిన్ని అవుతుంది," అన్నాడు.

"ఎవరి తరపున?"

"ఏమో, అమ్మ తరపునేమో. లేకపోతే నాన్న తరపునేమో. ఒకరి తరపున కాకపోతే ఇంకొకరి తరపున. అయినా పిన్నికి తరపేమిటి?"

అత్తగారిని అడిగితే ఆవిడ పమిటచెంగు నోటికడ్డం పెట్టుకుని ఊగిపోతూ నవ్వడం మొదలుపెట్టింది. "ఇన్నాళ్ళకి నువ్వడిగావే! నీ మొగుడు పాకే రోజుల్లో ఒక మధ్యాహ్నం తలుపు కొట్టారు. తీస్తే సూటుకేసుతో ఈవిడ. 'వచ్చేశానమ్మా' అంది. మీ మామయ్య తరపు పిన్ని కాబోలనుకుని లోపలికి తీసుకొచ్చి కూర్చోబెట్టాను. సాయంత్రం మీ మామయ్య వచ్చి, నా తరపు పిన్ని కాబోలనుకుని, 'పిన్నికి గాలొచ్చే గది ఇవ్వు' అన్నారు."

"మరి తెలీలేదా అత్తయ్యా?"

"ఎందుకు తెలీదు? కొన్నాళ్ళకి మా అత్తగారు వచ్చింది. 'ఈవిడెవరే?' అంది. 'మీ చెల్లెలు కాదా అత్తయ్యా?' అన్నాను. 'నాకు చెల్లెళ్ళెక్కడ ఏడ్చారే?' అంది. గుండె గుభేలుమంది. కానీ అప్పటికి నీ మొగుడు ఈవిడ భుజం మీద తప్ప నిద్రపోడు. నాకు ఈవిడ పక్కన లేకపోతే వంట తోచదు. ఇంకేం అడుగుతాం? అడగలేదు."

అంతలో పిన్ని గుమ్మంలోకి వచ్చింది. అంతా విన్నట్టే ఉంది. "పై అంతస్తులో మా అన్నయ్య వరసాయన ఉండేవాడమ్మా," అంది తాపీగా. "నాకు ఎవరూ లేరు, వస్తున్నానని ఉత్తరం రాశాను. అది చూసే కాబోలు, ఇల్లు ఖాళీ చేసేశాడు. నేను అంతస్తు తప్పుగా లెక్కపెట్టి ఇక్కడ తలుపు కొట్టాను. మర్నాటికి నాకూ అర్థమైంది. ఎవరైనా అడిగితే చెప్పి వెళ్ళిపోదామని సూటుకేసు సర్దే ఉంచాను. ఎవరూ అడిగితేనా!"

అత్తగారు ఇంకా నవ్వుతూనే ఉంది. కోడలికి మాత్రం నవ్వు రాలేదు. కొత్త చట్టంలో అరవై దాటిన ఒంటరివాళ్ళు విడిగా చేరడానికి లేదు, ఏదో ఒక కుటుంబం కింద చేరాలి. తన కౌంటరు ముందుకి పిన్నిని తీసుకొస్తే, కంతలోంచి తనే అడగాలి. జవాబు లేదు.

మామగారు బాల్కనీలో ముసాయిదా మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చున్నారు. కోడలు వెళ్ళి ఎదురుగా నిలబడింది. "మామయ్యగారూ, ఖజానాగారు చెప్పినట్టే సంతకం పెడితే పిన్నిగారు చట్టంలోకి రారు కదూ?"

"రారు."

"అందుకా ఇన్నాళ్ళూ..."

"కప్పు కింద అదనంగా ఆవిడ ఒక్కతే చేరేలా రాయడం కుదరలేదు. తాళంచెవి సంగతి నువ్వూ చూశావు. ఎలా గీత గీసినా పళ్ళ డాక్టరు లోపలికొస్తున్నాడు, పిన్ని బయటపడుతోంది."

"కానీ ఆవిడెవరో మీకు..."

"ఆవిడ వచ్చిన మర్నాడే తెలిసింది. ఆఫీసుకి వెళ్తుంటే పై అంతస్తాయన ఖాళీ చేసి పారిపోయాడని వాచ్‌మన్ చెప్పాడు. సూటుకేసు సర్దే ఉండటం కూడా చూశాను. మీ అత్తయ్యకి చెప్పకు. తనే ముందు కనిపెట్టానని సంబరపడుతోంది."

కోడలు నోరు వెళ్ళబెట్టింది. "ఆకలి అంటే, స్పీడు అంటే, కొంచెం అంటే అని లోకాన్నంతా పీక్కుతింటారు కదా. ఆ ఒక్కటీ ఎందుకు అడగలేదు?"

మామగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "మాటని అడిగితే ఏమీ అనుకోదమ్మా. అది ఎవరినైనా బయటే వదిలేస్తోందా అని ఎంతైనా గుచ్చి గుచ్చి అడగొచ్చు. మనిషిని అడిగితే సూటుకేసు తీసుకుని వెళ్ళిపోతుంది."

ఇన్నేళ్ళుగా ఊరంతా నవ్వుకున్న ఆ "అంటే?" వెనక ఇదా ఉన్నది! కోడలికి ఆయన మీద బోలెడంత ప్రేమ వచ్చింది, దాని వెంటే అంత కోపమూ వచ్చింది. "అయితే అడగొద్దని రాసి పారెయ్యండి! ఎల్లుండితో గడువైపోతుంటే ఇంకా ఈ గీతలేమిటి?" అని విసురుగా అనేసింది.

మామగారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. ముసాయిదా కాగితాలు బాల్కనీ అంతా ఎగిరాయి. "ఏమన్నావూ?"

"తప్పయిపోయింది మామయ్యగారూ..."

"మళ్ళీ అను!" అని ఆయన నేల మీద కూర్చుని, దొరికిన కాగితం వెనకే రాయడం మొదలుపెట్టారు.

గడువు రోజున కమిటీ గదిలో, చూడ్డానికి వచ్చేవాళ్ళ కుర్చీల్లో, సెలవు పెట్టిన కోడలు గోళ్ళు కొరుక్కుంటూ కూర్చుంది. బల్ల చుట్టూ సభ్యులు, మధ్యలో అధ్యక్షురాలు, చివర క్యాలిక్యులేటరుతో ఖజానాగారు. మామగారు లేచి చదివారు. కుటుంబం అంటే భార్య లేక భర్త, పిల్లలు, తల్లిదండ్రులు. వీరితోపాటు ఆ కుటుంబం తమ మనిషిగా చెప్పుకునే ఇంకొకరు. ఆ ఒకరు ఏమవుతారని ఏ అధికారీ, ఏ ఆసుపత్రీ అడగరాదు.

ఖజానాగారు ముందు తేరుకున్నాడు. "ఆ ఒకరు అంటే?"

"అంటే లేదండీ," అన్నారు మామగారు.

"లేకపోవడమేమిటి? మీరేనా ఈ మాటంటున్నది?" ఖజానాగారి గొంతు కీచుమంది. సభ్యులు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఒకాయన కిటికీలోంచి బయటికి కూడా చూశాడు, సూర్యుడు మామూలుగానే ఉన్నాడా అన్నట్టు.

"ముందే చెప్పేస్తున్నాను," అన్నారు మామగారు. "మా ఇంట్లో అలాంటావిడ ఒకరున్నారు. వాల్వు మార్చాలి. నేను ఇది రాసింది ఆవిడ కోసమే కదా అని మీరు కొట్టేసినా నేనేం అనుకోను. కానీ కొట్టేసేముందు మీ మీ ఇళ్ళు ఒక్కసారి తలుచుకోండి."

ఒక్క మాట మీద పిన్ని గుండె వేలాడుతోంది. అధ్యక్షురాలు గొంతు సవరించుకుంది. "మా వీధి గదిలో ఒకాయన ఉన్నారు," అంది మెల్లిగా. "నాకు లెక్కలు చెప్పడానికి వచ్చారు. లెక్కలు నాకు రాలేదు, ఆయనా వెళ్ళలేదు." పక్కాయన, "మా ఆవిడ స్నేహితురాలు..." అని మొదలుపెట్టాడు. ఆ పక్కావిడ, "మా ఆయన మొదటిభార్య వాళ్ళమ్మ," అంది. ఒక్కసారిగా బల్ల చుట్టూ గోలగోలగా మాటలు లేచాయి. అందరి ఇళ్ళలోనూ ఒకరున్నారు. ఇంతకాలం ఎవరి మటుకు వాళ్ళు తమ ఇంట్లోనే ఉన్నారనుకుంటున్నారు.

ఖజానాగారు ఒక్కడే తలొంచుకుని మీటలు నొక్కుతున్నాడు. చాలాసేపు నొక్కాక తలెత్తి, "ఇంటికి ఒక్కరేగా?" అన్నాడు.

"ఒక్కరే."

"'మొదలైనవారు' లేరుగా?"

"లేరు."

"అయితే అంకెలు పడుతున్నాయి. అడ్డగీత కూడా పోయింది," అన్నాడు ఖజానాగారు. ఆయన మొహంలో నవ్వులాంటిదేదో కనిపించింది గానీ వెంటనే దాన్ని లోపలికి జమ చేసుకున్నాడు.

చట్టం గట్టెక్కింది. అమల్లోకి వచ్చిన రోజు కోడలి కౌంటరు ముందు వరస గేటు దాకా పాకింది. జీవితంలో మొదటిసారి ఆమె నోటికి తాళం పడింది. అడగకూడదు. వరసలో ఆరో మనిషిగా ఖజానాగారు కనిపించాడు. ఆయన పక్కన బంగారు గుండీల ఎర్రకోటు తొడుక్కున్న భారీ పెద్దాయన ఒకడు, చంకలో మెరిసిపోయే ఇత్తడి బాకాతో నిలబడ్డాడు.

"మా మనిషి," అన్నాడు ఖజానాగారు నేల చూపులు చూస్తూ.

కోడలికి కుతూహలం ఆగలేదు. ఈ ఎండుకర్రలాంటి మనిషికీ ఆ బాకాయనకీ ఏమిటి సంబంధం? ఎక్కడ దొరికాడు? ఇంట్లో ఊదుతాడా? ప్రశ్నలు గొంతు దాకా వచ్చి కొట్టుకుంటుంటే, గట్టిగా పెదాలు బిగించి ముద్ర కొట్టి ఇచ్చింది. ఆ పెద్దాయన సంతోషం పట్టలేక వరండాలోనే ఒక్క ఊపు ఊదితే, పై వార్డులోంచి ఇద్దరు నర్సులు పరిగెత్తుకొచ్చారు.

తరవాత పిన్ని వంతు వచ్చింది. అద్దంలోంచి ఎదురుగా పిన్ని, వెనక మామగారు, అత్తగారు. కోడలు ఏమీ అడగకుండా పేరు రాసుకుని ముద్ర కొట్టింది.

"అదేమిటే, అడగవేం?" అంది పిన్ని నొచ్చుకుంటూ. "రాత్రంతా జవాబు బట్టీపట్టి వచ్చాను!"

"అడగకూడదు పిన్నిగారూ. చట్టం."

"నువ్వడక్కపోతే నేను చెప్పకూడదా?"

"చెప్పొచ్చు."

పిన్ని కంతకి నోరు ఆనించి, వరసలో చివరివాడికి కూడా వినబడేలా అరిచింది. "అయితే రాసుకో. ఈ ఇంటివాళ్ళు నావాళ్ళు. అన్నేళ్ళూ నన్ను అడగలేదు, ఇప్పుడు లోకంలో ఇంకెవరూ అడక్కుండా చేశారు. నా మనవడి పెళ్ళాం నువ్వు. త్వరగా పంపించు, అవతల కొత్త వాల్వు చల్లారిపోతుంది!"

వాల్వు చల్లారలేదు. ఆపరేషన్ బాగా జరిగింది. వారం తిరిగేసరికి పిన్ని నవ్వు వార్డు కిటికీలు దాటి కిందికి వినబడసాగింది. పక్కమంచం బాకాయనకి పడింది, ఆయనకి మోకాళ్ళు. బీమా కౌంటరు మూశాక కోడలు, ఆఫీసు నుంచి మామగారు వచ్చేసరికి ఇద్దరు పేషెంట్లూ మంచాల మధ్య స్టూలు పెట్టుకుని పేకముక్కలు పంచుకుంటున్నారు. ఖజానాగారు బాకాయన దుప్పటి సరిచేస్తూ, ఈయన రావడం చూసి ఉలిక్కిపడి చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు.

మామగారు బాకాయన వైపు చూశారు. ఖజానాగారి వైపు చూశారు. మళ్ళీ బాకా వైపు చూశారు. కళ్ళజోడు దానంతటదే ముక్కు చివరికి జారింది. పెదాలు విడివడ్డాయి. మొహం చెవుల దాకా ఎర్రబడింది. తన చట్టం తన గొంతుకే అడ్డం పడి ఆయన పడుతున్న అవస్థ చూసి కోడలు గోడవైపు తిరిగి కొంగు నోట్లో కుక్కుకుంది.

"ఏదో అడగబోతున్నట్టున్నారు?" అన్నాడు బాకాయన, ముక్కలు కలుపుతూ.

మామగారు కళ్ళజోడు పైకి నెట్టుకుని, స్టూలు దగ్గరికి కుర్చీ లాక్కున్నారు.

"అవునండీ," అన్నారు. "నాక్కూడా ముక్కలు వేస్తారా?"